ఐదో పన్ను

మా తాత నోట్లో ఒక్క పన్ను కూడా సొంతం కాదు. పై వరస, కింది వరస, రెండూ కట్టించినవే. ఇంట్లో పళ్ళ మాట వస్తే చాలు, ఆయన లేచి వరండాలోకి వెళ్ళిపోయేవాడు. కట్టుడు పళ్ళాయనకి ఆ మాత్రం రోషం ఉంటుందిలే అని అందరూ సరిపెట్టుకునేవాళ్ళు. అసలు గొడవ ఆయన పళ్ళతో కాదు, ఒక పక్షి పళ్ళతో.

తాత పనిచేసేది మ్యూజియం కింది అంతస్తులో, మెట్లు దిగగానే ఎడమచేతివైపు గదిలో. అక్కడ ఒక బల్ల, బల్ల మీద ఇసుక సంచి, సంచి మీద రాయి, రాయి మీదికి వంగిపోయిన తాత. రాతిలో ఇరుక్కున్న కోట్ల ఏళ్ళనాటి ఎముకల చుట్టూ రాయిని సూదితో గీరి, ఎముక మాత్రం మిగిలేట్టు చెయ్యడం ఆయన ఉద్యోగం. గోరంత మేర శుభ్రమైతే ఆ రోజు ఒళ్ళు వంచి పనిచేసినట్టే. పై అంతస్తులో కూర్చునే చదువుకున్నవాళ్ళు ఆయన్ని సూది మేస్త్రి అనేవాళ్ళు. రిటైరై రెండేళ్ళయినా, అలాంటి చెయ్యి ఇంకొకటి దొరక్క వారానికి మూడు రోజులు పిలిపిస్తూనే ఉన్నారు. నాయనమ్మ మాత్రం, "పొద్దస్తమానం రాళ్ళు గోకే మొగుడు మా వైపు నా ఒక్కదానికే దొరికాడు" అని అందరికీ చెప్పుకునేది.

ఇరవై ఆరేళ్ళ కిందట ఆ బల్ల మీదికి నోటు పుస్తకమంత రాతి పలక వచ్చింది. అందులో పావురమంత పక్షి, రెక్కలు చాచి, తల పక్కకి వాల్చి పడుకుని ఉంది. రెక్కల చివర వేళ్ళున్నాయి, వేళ్ళకి గోళ్ళున్నాయి. ఎముకల చుట్టూ మసి పూసినట్టున్న నీడ ఈకల గుర్తని తాతకి తెలుసు. దాన్ని ఈగ వాలినంత బరువుతో కూడా ముట్టుకోలేదు. అంత జాగ్రత్తపరుడు దవడ దగ్గర తప్పులో కాలేశాడు.

దవడ అంచు వెంట ఆవగింజలో సగం ఉండే గింజలు కనిపించాయి. ఇసుక రేణువులనుకున్నాడు. పక్షికి పళ్ళేమిటి? ఆయనెరిగిన కాకికి లేవు, కోడికి లేవు. ఆ ధీమాతోనే సూదిమొన ఆనించి ఒకటి ఎగరగొట్టాడు. తరవాత రెండోది, మూడోది, నాలుగోది. ఐదోదాని దగ్గర లైటు కాస్త జరిపాడు. గింజ తళుక్కుమంది. ఇసుక అలా మెరవదు. దాని మొదలు దవడలోకి దిగి ఉంది. అది పన్ను.

తాత చేతిలో సూది ఆగిపోయింది. ఆ నెలలోనే ఆయన ఉద్యోగం పర్మనెంటు కావాలి. నాలుగు ఖాళీల పక్కన ఒక పన్ను కనిపిస్తే ఎవరైనా అడుగుతారు. ఐదూ లేకపోతే ఎవరూ అడగరు. గదిలో ఎవరూ లేకపోయినా అటూ ఇటూ చూశాడు. ఐదోదాన్ని కూడా తీసేశాడు. అంచు నున్నగా చేసి జిగురు పూశాడు. రాలిన నాలుగింటినీ ఇసుక సంచి మడతల్లో వెతికి, ఐదోదాన్ని మాత్రం విడిగా దూదిలో చుట్టి, అన్నిటినీ ఒక ఖాళీ మందు సీసాలో వేశాడు. పారేద్దామంటే చేతులు రాలేదు.

ఉద్యోగం పర్మనెంటయింది. పక్షి పై అంతస్తులో అద్దాల పెట్టెలోకి వెళ్ళింది. "పళ్ళు లేని తొలినాటి పక్షి" అని కింద చీటీ పెట్టారు. అప్పట్నుంచీ తాత ఆ గది తప్పించుకోవడానికి వెనక మెట్లు ఎక్కేవాడు. మనవలు పక్షిని చూపించమంటే చేపల గదికి తీసుకెళ్ళేవాడు. ఇంట్లో పిల్లలందరికీ రాతి చేపలు కంఠతా వచ్చేశాయి.

ఇలా ఉండగా, కొత్తగా పరిశోధనకొచ్చిన మేడమ్ ఆ పక్షికి ఎక్స్‌రే తీయించింది. ఆ కాగితం పట్టుకుని గబగబా మెట్లు దిగి వచ్చింది.

"మేస్త్రిగారూ, మీ పక్షి ముసలిది, తెలుసా?"

"ఎవరు చెప్పారమ్మా?"

"దాని దవడే చెప్పింది. ఇవిగో ఐదు గుంతలు. పళ్ళు మొలిచిన చోట్లు. పళ్ళేమో లేవు. అంటే చిన్నప్పుడు ఉండి, పెద్దయ్యాక రాలిపోయాయన్నమాట. మీకు రాలినట్టే."

తాత నవ్వబోయి నోరు మూసుకున్నాడు.

నాలాంటి పదో క్లాసు దాటని బుర్రకి ఎక్కేట్టు చెప్పాలంటే సంగతి ఇదీ. పక్షులది డైనోసార్ల వంశం. మొదటి పక్షులకి పళ్ళుండేవి, పొడుగాటి ఎముక తోకలుండేవి. ఇప్పటివాటికి ఒట్టి ముక్కే. మధ్యలో పళ్ళు ఎలా పోయాయన్నది ఒక చిక్కు ప్రశ్న. ఈ పక్షి ఆ మధ్య మెట్టు అయ్యుంటుందని మేడమ్ ఆశ.

"వయసుతో పళ్ళు రాలే పక్షి ఇంతవరకూ నా కంటపడలేదు. సోమవారం పత్రికకి వ్యాసం పంపించేస్తున్నాను" అని అదే ఊపులో పైకి వెళ్ళిపోయింది.

ఆ పూట తాత అన్నం కెలికి వదిలేశాడు.

"ఏమైంది? పళ్ళు గుచ్చుకుంటున్నాయా?" అంది నాయనమ్మ.

"గుచ్చుకుంటున్నాయి."

"తీసి పక్కన పెట్టండి మరి."

"తీసి పక్కన పెట్టిందే గుచ్చుకుంటోంది" అని వరండాలోకి వెళ్ళిపోయాడు. నాయనమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

మర్నాడు మందు సీసా తీసుకెళ్ళి మేడమ్ బల్ల మీద పెట్టాడు. అయితే బయల్దేరేముందు అందులోంచి దూదిలో చుట్టినదాన్ని తీసి కళ్ళజోడు పెట్టెలో దాచుకున్నాడు. సీసాలో నాలుగే ఉన్నాయి.

"ఇవి రాలిపోలేదమ్మా. నేను పీకేశాను. ఇసుకనుకున్నాను."

మేడమ్ సీసా ఎత్తి వెలుతురుకి పట్టి చూసింది. ఆమె ముఖం వాడిపోవడం తాతకి కనిపించింది.

"పక్షులకి పళ్ళుండేవని మీకు ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది" అంది. "తెలియక చేశారు. ఇన్నేళ్ళు పారేయకుండా దాచారు చూడండి, అదే మేలు. వ్యాసంలో మీకు కృతజ్ఞత రాస్తాను."

తాత తల ఇంకా కిందికి దిగింది. మేడమ్ అప్పటికే పళ్ళు లెక్కపెడుతోంది.

"గుంతలు ఐదు, పళ్ళు నాలుగు. అయితే ఒకటి బతికుండగానే ఊడిందన్నమాట. ఒక్కటైనా నా మాట నిలబడుతుంది. పరవాలేదు మేస్త్రిగారూ, ఒకటి చాలు నాకు."

తాత గుమ్మందాకా వెళ్ళాడు. మెట్ల మీద ఒక కాలు పెట్టాడు. తీసేశాడు. వెనక్కొచ్చి కళ్ళజోడు పెట్టె తెరిచి ఐదోదాన్ని ఆమె కాగితం మీద ఉంచాడు.

"ఇది తెలిసి తీశాను."

"అంటే?"

"పన్నని తెలిశాకే తీశాను. పక్కన నాలుగు ఖాళీలు కనపడతాయని."

ఈసారి మేడమ్ పరవాలేదనలేదు. రిజిస్టరు తెరిచి ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకుని, కింద సంతకం పెట్టించుకుంది. ఆ వ్యాసం వెళ్ళలేదు. చాన్నాళ్ళు ఆమె ఆయన్ని మేస్త్రిగారూ అనలేదు, "ఏమండీ" అని సరిపెట్టింది.

పళ్ళు తిరిగి అతికించే పని మాత్రం ఆయనకే ఇచ్చింది. నాలుగింట్లో ఏది ఏ గుంతదో తేల్చడానికి మైక్రోస్కోపు కింద వారం పట్టింది. ఐదోదానికి ఒక్క క్షణం పట్టలేదు.

చీటీ మారాక ఒకరోజు తాత ఇంట్లో జరిగిందంతా చెప్పేస్తే, చూడాల్సిందేనని నాయనమ్మ పంతం పట్టి మ్యూజియానికి వచ్చింది. తాత ఇన్నేళ్ళలో మొదటిసారి ముందు మెట్లే ఎక్కాడు. ఆవిడ అద్దానికి ముక్కు ఆనించి, చీటీ కూడబలుక్కుని చదివింది. శుభ్రం చేసేటప్పుడు ఊడదీసిన పళ్ళని మళ్ళీ అమర్చినట్టు అందులో ఉంది.

"ఈ నలుసుల కోసమా ఇరవై ఆరేళ్ళు వరండాలో కూర్చున్నారు? ఐదంటే ఐదు."

"నాలుగు," అన్నాడు తాత. "ఐదోదాన్ని వాటితో కలపకు."