సాలెపురుగుల ఎకరం

లింగసుగూరు వెళ్తుంటే ఈ ఉదయం బస్సు కవితాళలో ఆగింది. ఎవరి సంచీలోనో మూత సరిగా బిగించని సీసా ఉన్నట్టుంది, పురుగుమందు వాసన గుప్పుమంది. అందరూ ముక్కులు మూసుకున్నారు. నేను మాత్రం లేచి వెళ్లి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆ వాసన తగిలితే నాకు కూర్చోబుద్ధి కాదు. రాజ్యలక్ష్మిగారు గుర్తొస్తారు.

మల్లట్ దాటాక కాలువ కింద ఒక క్యాంపు, అంటే ఆంధ్ర నుంచి వలస వచ్చిన రైతుల ఊరు ఉంది. రాజ్యలక్ష్మిగారి కుటుంబం ఆవిడ మామగారి కాలంలో గోదావరి వైపు నుంచి వచ్చి అక్కడ స్థిరపడింది. మందుల్లేకుండా వరి పండించడం నేర్చుకోవాలనుకునే వాళ్లను ఆవిడ ఒక పంటకాలం తన పొలంలోనే ఉంచుకుని పని నేర్పేవారు. రాయచూరులో సెల్‌ఫోన్ల దుకాణం మూసేసి వెళ్లినవాణ్ణి నేను. అసలే కాలుగాలిన పిల్లిని. ఆవిడ మొదటి పాఠమే నాకు శిక్షలా తోచింది. పొద్దున్నే చేతులు వెనక్కి కట్టుకుని గట్టు మీద నడవాలి, దేన్నీ ముట్టుకోకూడదు, చూసింది మాత్రం వచ్చి చెప్పాలి.

“సాలెపురుగులు ఎన్ని కనబడ్డాయబ్బాయ్?” అని అడిగేవారు.

“లెక్క వెట్టలేదమ్మా. గిట్ల సూసుకుంట తిరిగితే పంటెట్ల వస్తది? ఏదన్న పని చెప్పుర్రి.”

“ఇదే పని. అవి జీతం లేని పాలేళ్లయ్యా. నువ్వు నిద్రపోయినా కాపలా కాస్తాయి.”

రోడ్డు పక్కనున్న ఎకరం నాకు అప్పగించారు. ఆ ఏడు క్యాంపు కళ్లన్నీ దాని మీదే. అది మందు లేకుండా గట్టెక్కితే తామూ కొంత పొలంలో మానేస్తామని పక్క రైతులు ఆవిడకు మాటిచ్చారు. ఎన్నో ఏళ్లు బతిమాలితే వచ్చిన మాట అది.

పైరు ఏపుగా ఉన్నప్పుడు ఆకుముడత పురుగు వచ్చి ఆకులు తెల్లబడ్డాయి. “కొత్త ఆకు పచ్చగానే ఉందిగా, పది రోజులు ఓపిక పట్టు” అన్నారావిడ. నాకు ఒక్క పూట కూడా పట్టలేదు. ఆవిడ మాన్విలో పెళ్లికి వెళ్లిన రోజున, అందరూ భోజనాలకు పోయిన వేళ చూసి, కవితాళ నుంచి తెచ్చిన మందు కొట్టేశాను. వారం తిరిగేసరికి చేను నిగనిగలాడింది. లోలోపల మురిసిపోయాను కూడా.

ఆ తర్వాత సుడిదోమ దిగింది. దాన్ని తినే సాలెపురుగులను నేనే చంపేశాను మరి. గుండ్రంగా, మచ్చలు మచ్చలుగా పైరు మాడిపోయింది. క్యాంపు వాళ్లు గట్టు మీద పోగయ్యారు. ఆవిడ వంగి దుబ్బులు విడదీసి చూశారు. ఒక్క సాలెపురుగూ లేదు. తలెత్తి నా వైపు ఒక్కసారి చూశారు.

“మీ పద్ధతి ఈ నేలకి పడదండీ” అన్నాడు పక్క రైతు.

“ఈసారికి ఓడిపోయాను బాబూ” అన్నారావిడ.

నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. చెబితే పంపేస్తారేమోనని భయం. మందు మానేస్తామన్నవాళ్లలో ఒక్కరూ మానలేదు.

వచ్చేసే రోజున అడిగాను. “మీకు ఎరుకే గద అమ్మా. నా పేరెందుకు చెప్పలే?”

“నువ్వే చెప్తావని ఆగాను” అన్నారు. గొంతులో కోపం లేదు. “అన్నం తిని వెళ్లు, బస్సుకి ఇంకా టైముంది.”

పోయిన ఏడాది ఆవిడ కాలం చేశారు. పెద్దకర్మ నాడు బంతిలో నా పక్కనున్నాయన, “మంచి మనిషేనండీ, కానీ మొండిది. ఆ ఎకరం పోయినా బుద్ధి రాలేదు” అన్నాడు. అప్పుడూ నోరు విప్పలేదు. వడ్డించింది తిని వచ్చేశాను. అందుకు నాకు సిగ్గుగా ఉంది.

ఇప్పుడు రాయచూరు శివార్లలో నేనూ కొందరికి సాగు నేర్పుతున్నాను. ఈ కథ ప్రతిసారీ చెబుతాను, “ఒకడుండేవాడు” అని మొదలుపెట్టి. క్యాంపు వాళ్లెవరైనా ఇది చదివితే తెలుసుకోండి, ఆ ఎకరానికి మందు కొట్టింది నేను. ఆవిడ పద్ధతి ఓడిపోలేదు. ఇది మీ గట్టు మీద, ఆవిడ పక్కన నిలబడి చెప్పాల్సిన మాట. వినాల్సిన మనిషి పోయాక కాగితం మీద రాస్తున్నాను.