బాబూలాల్ వేసిన ఇస్పేటు ఆసు

తెనాలిలోని ఒక పాత క్లబ్బులో బాబూలాల్ ఇరవై ఎనిమిదేళ్లుగా అటెండరు. బల్లలు తుడవడం, పేకముక్కలు సర్దడం, సార్లకు టీలు అందించడం అతని పని. బ్రిడ్జి ఆట అతనికి ఎవరూ నేర్పలేదు. కుర్చీల వెనక నిలబడి చూసి చూసి వంటబట్టించుకున్నాడు. నలుగురిలో ఎవరైనా రాకపోతే "బాబూలాల్, కాసేపు కూర్చోవయ్యా" అనేవాళ్లు. అలా కూర్చున్న మనిషి తమ అందరికన్నా బాగా ఆడుతున్నాడని ముందు గుర్తించింది పళ్ల డాక్టరు మోహనకృష్ణ. నిన్నటి ఆటలో ఎవరి చేతిలో ఏ ముక్క ఉందో ఇవాళ అడిగినా తడుముకోకుండా చెప్పేవాడు బాబూలాల్.

నిరుడు బాపట్లలో పోటీ పెడితే డాక్టరు తన జోడీగా అతని పేరే రాయించాడు. భార్య సుల్తాన్ బీ తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తూ బెంగపడింది.

"సార్లతో సమానంగా కూర్చుంటే ఎవరన్నా ఏమన్నా అంటారేమోనండీ."

"ఆటేగా. ఏమంటారు?" అన్నాడు బాబూలాల్.

పోటీలో ముక్కలు ముందే పంచి ట్రేలలో పెడతారు. అవే ముక్కలు అన్ని బల్లలకూ తిరుగుతాయి. వాటితో ఎవరు ఎక్కువ రాబట్టారన్నదే లెక్క. బాపట్లవాళ్లకు ట్రేలు చాలక తెనాలి క్లబ్బువి తెప్పించుకున్నారు. పొద్దున్నే వాటిని బల్లల మీద సర్దిపెట్టమని బాబూలాల్‌కే పురమాయించారు. అలవాటైన పని కాబట్టి చేసేశాడు.

మధ్యాహ్నానికి డాక్టరు జోడీ రెండో స్థానానికి చేరింది. అప్పుడు వచ్చిందా ఆట. బాబూలాల్‌కు కుడిపక్కన కూర్చున్న విష్ణువర్ధన్, బాపట్లలో పేరున్న ఆటగాడు, ఎన్ని పట్లు తీస్తారో చెప్పే పాటలో మొదటి వంతు తనదే అయినా పాడకుండా వదిలేశాడు. చివరికి ఇస్పేటు తురుపుగా పది పట్లు తీస్తానని బాబూలాల్ పాడాడు. అంటే పదమూడింటిలో మూడే పోవచ్చు. మొదటి మూడూ విష్ణువర్ధన్ లాగేశాడు, కళావరు ఆసు, కింగు, డైమను ఆసుతో. ఇక ఒక్కటి కూడా పోకూడదు. బయట ఉన్న పెద్ద ముక్క ఇస్పేటు కింగు ఒక్కటే.

ఎదుట డాక్టరు పరిచిన ముక్కల్లోంచి చిన్న ఇస్పేటు వేసి, చేతిలో రాణి వేస్తాడనే అందరూ అనుకున్నారు. కింగు కుడిపక్కన ఉంటే అలా దొరుకుతుంది. బాబూలాల్ కాసేపు కళ్లు మూసుకున్నాడు. రాణి వెయ్యలేదు. ఆసు వేశాడు. ఎడమపక్కనున్నాయన చేతిలో ఒంటరిగా ఉన్న కింగు దాని కింద పడిపోయింది.

విష్ణువర్ధన్ ముక్కలు బల్ల మీద పడేశాడు.

"ఏంటిది? చూడకుండా ఎవడేస్తాడిక్కడ ఆసు? పొద్దున ట్రేలు సర్దింది ఇతనే కదా!"

చుట్టుపక్కల బల్లలవాళ్లు లేచి వచ్చారు. బాబూలాల్ అలవాటుగా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. డాక్టరు వైపు చూశాడు. డాక్టరు లేచి వచ్చి అతని చెవి దగ్గర మెల్లగా అడిగాడు.

"నిజం చెప్పు బాబూలాల్. చూశావా?"

విష్ణువర్ధన్ మాట కన్నా ఈ మాటే బాబూలాల్‌కు లోపల ఎక్కడో గుచ్చుకుంది.

రేపల్లెలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరైన వెంకటకృష్ణయ్య ఆ పోటీకి తీర్పరి. ఆయన అందర్నీ పక్కకు జరిపి, "ఎందుకేశావో చెప్పు నాయనా. భయపడకు" అన్నాడు.

"ఆ సారు మొదట పాడలేదండి. ఆసుకు నాలుగు, కింగుకు మూడు లెక్కన పన్నెండు పాయింట్లుంటే పాడతారండి. రెండు ఆసులూ ఒక కింగూ తీశారు, పదకొండు అయినాయండి. ఇస్పేటు కింగు కూడా ఉంటే పద్నాలుగండి. పాడకుండా ఉండరండి. అంటే కింగు ఆ పక్కాయన దగ్గరే. అది ఒంటరిగా ఉంటేనే నాకు పట్టు. ఇంకో దారి లేదండి."

వెంకటకృష్ణయ్య కాగితం మీద వేసి చూసుకున్నాడు. "సరిగ్గా ఉంది. నేనైనా అదే వెయ్యాలి. వేసేవాణ్ణో లేదో మరి" అన్నాడు. ఆట చెల్లింది. విష్ణువర్ధన్ క్షమాపణ చెప్పలేదు. సాయంత్రం రెండో బహుమతి ఇచ్చినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్లు కొందరు, కొట్టనివాళ్లు కొందరు.

డాక్టరు కారు తలుపు తీసి పట్టుకున్నాడు. "నేను రైల్లో వస్తానండి" అన్నాడు బాబూలాల్. నిడుబ్రోలు దాటేదాకా బహుమతిగా వచ్చిన చిన్న కప్పు అతని ఒళ్లోనే ఉంది. తర్వాత సంచిలో పెట్టేశాడు.

మర్నాడు డాక్టరు క్లబ్బుకొచ్చి, "ఆ మాట అనకుండా ఉండాల్సింది బాబూలాల్" అన్నాడు. నిజంగానే బాధపడుతున్నాడు. "పర్లేదండి" అన్నాడు బాబూలాల్. పైకి అదే అనగలిగాడు.

రెండు నెలలకు రేపల్లెలో పోటీ. వెంకటకృష్ణయ్య స్వయంగా ఫోన్ చేసి రమ్మంటే కాదనలేకపోయాడు. డాక్టరుతోనే వెళ్లాడు. ట్రేల దగ్గరకు మాత్రం పోలేదు. వాటికి దూరంగా, వరండాలో నిలబడ్డాడు.

ఆఖరి ఆటల్లో ఒకటి, తురుపు లేనిది. ఆఠీను రాణి ఎక్కడుందో తేల్చాలి. కుడిపక్కాయన చేతిలో మిగతా మూడు రంగుల ముక్కలు పన్నెండు లెక్క తేలాయి. పదమూడోది బాబూలాల్ వేసిన ఆఠీను ఆసు కింద పడిపోయింది. రాణి కాదది. ఇక రాణి ఎడమపక్కనే ఉండాలి, అనుమానం లేదు. తరవాతి పట్టులో ఎదుట ఉన్న కింగు ఆపి జాకీ వెయ్యాలి. తమ వైపు తొమ్మిది ఆఠీన్లున్నప్పుడు మామూలుగా అందరూ వేసేది కింగే.

జాకీ మీదికి చెయ్యి వెళ్లింది. వెనక ఎవరో దగ్గారు. బాబూలాల్ కింగు వేశాడు. రాణి పడలేదు. ఆట పోయింది.

"పోనీలే, ఎవరైనా అదే వేస్తారు" అన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఆ సంగతి సుల్తాన్ బీకి చెప్పాడు. ఆమెకు ఆట తెలీదు.

"తెలిసి కూడా ఎందుకు వెయ్యలేదండీ?"

"మళ్లీ నిలబెట్టి అడుగుతారని."

ఆమె పప్పు కాస్త వేసి, పక్కనే కూర్చుంది.

ఆ తర్వాత బాబూలాల్ ఏ పోటీకీ పేరివ్వలేదు. క్లబ్బులో ఒకరు తక్కువైతే ఇప్పటికీ కూర్చోమంటారు. మోకాళ్ల నొప్పులని చెప్పి టీలు తేవడానికి వెళ్లిపోతాడు.