మచ్చల్లేని అమ్మ

మా అమ్మ ముఖాన అమ్మవారు పోసి పడిన మచ్చలను చింతామణిలో ఒక ఫోటో స్టూడియో ఆయన మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా తీసేసినాడు. అది తప్పు కాదని ఇన్నేండ్లలో నన్నెవరూ ఒప్పించలేకపోయినారు.

మొన్న మా మనవరాలు చిక్కబళ్లాపురంలో ఏదో పెండ్లికి ఫోటోలు తీసొచ్చి, వాటిని కంప్యూటరులో ఒక రకం నుంచి ఇంకో రకానికి మారుస్తూ కూర్చుంది. ఎందుకే ఈ తిప్పలని అడిగితే, కెమెరా పట్టుకున్నదాన్ని ‘రా’ అంటారని, దాన్నుంచి ‘టిఫ్’ అనే నకలు తీస్తానని, ఆ నకలును పిండి చిన్నది చేయరు కాబట్టి ఎన్నిసార్లు దిద్ది దాచినా అందులో ఏమీ అరిగిపోదని ఓపిగ్గా చెప్పుకొచ్చింది. “దిద్దేదంతా నకలు మీదే తాతా. అసలుది అట్లే ఉంటాది, దాని జోలికి పోను” అనింది. ఈ బుద్ధి ఆ కాలంలో ఒక మనిషికి ఉండుంటే నా సగం జీవితం ప్రశాంతంగా గడిచేది కదా అనుకున్నాను.

మాది బాగేపల్లి పక్క పల్లె. డెబ్బైల మొదట్లో నేను చింతామణిలో శెనక్కాయల మండీలో తూకం దగ్గర పనికి కుదిరినాను. బడి మొగం నాలుగేండ్లే చూసినవాణ్ణి. మూటల మీద రాతలు, గోడల మీద కాగితాలు కూడబలుక్కుంటూనే తెలుగూ కన్నడమూ రెండూ నేర్చుకున్నాను. మొదటి జీతం చేతికి రాగానే అమ్మను బస్సెక్కించి తెచ్చి స్టూడియోలో కూర్చోబెట్టినాను. గడ్డం ఎత్తమ్మా, కదలొద్దమ్మా అని ఆయన నల్లగుడ్డ కింద నుంచి అంటుంటే, పాపం ఆమె ఊపిరి కూడా బిగబట్టుకొని కూర్చుంది.

వారానికి ఫోటో వచ్చింది. అమ్మ దాన్ని వాకిట్లో వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి, “ఎవురప్పా ఈమె? నా చీర కట్టుకోనుండాదే!” అని పకపకా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. బోర్లించిన పింగాణీ గిన్నె మాదిరి నున్నటి చెంపలు, వాటి మధ్య మా అమ్మ కండ్లు.

పోయి నిలదీస్తే స్టూడియో ఆయన అక్కడున్న నలుగురికీ వినబడేట్టు, “మచ్చలు తీయమని బతిమాలేవాళ్లను చూసినాను గానీ, తీసినందుకు కొట్లాటకొచ్చినోణ్ణి నిన్నే చూస్తాండానప్పా” అన్నాడు. నిజానికి ఆ రోజుల్లో అడక్కుండానే ముఖాలు నున్నగా చేసివ్వడం పనితనమనీ మర్యాదనీ చెలామణి అయ్యేది. సరే, నెగెటివ్ అన్నా ఇవ్వమంటే, అది స్టూడియో సొత్తు, గడప దాటదన్నాడు. ఆయన బల్ల మీద ఒక బ్లేడు కనబడింది. అసలుదాన్నే గీకేసినాడేమో అనే అనుమానం అప్పుడే మొదలైంది.

మళ్లీ తీయిద్దాంలే అనుకుంటూ ఉండగానే ఏడాది తిరిగింది. ఆ వానకాలంలో జ్వరమొచ్చి అమ్మ పోయింది. మా చెల్లెలికి అప్పుడు మూడేండ్లు. గోడ మీది ఆ ఫోటోనే తల్లి అనుకుంటూ పెరిగింది. కొంచెం ఊహ తెలిసినాక నేను మచ్చల సంగతి చెప్తే, “యాడుండాయిన్నా మచ్చలు? నువ్వు ఊరికే చెప్తాండావు” అని కొట్టిపారేసింది. నువ్వన్నా చెప్పు నాయనా అని మా నాయన వైపు తిరిగితే, ఏండ్ల తరబడి ఆ పటానికే దండం పెట్టిన మనిషి, “ఏమోప్పా, అంతగా లేవులే” అన్నాడు. అమ్మ ముఖం గుర్తున్నవాణ్ణి ఆ ఇంట్లో నేనొక్కణ్ణే మిగిలినాను. నా తర్వాత ఆ గుర్తూ ఉండదనుకున్నాను.

ఆ స్టూడియో ఆయనతో వాదించడానికే చిక్కబళ్లాపురం గ్రంథాలయం నుంచి కన్నడ పుస్తకం ఒకటి తెచ్చి ఫోటో విద్య చదివినాను. నెగెటివ్ మీద దిద్దడం రెండు రకాలంట: బ్లేడుతో గీకితే పోయింది పోయినట్టే, పెన్సిలుతో పూస్తే అది పైపూతే. ఈయన ఏది చేసినాడు? ఆయన అప్పటికే స్టూడియో మూసి బాగేపల్లికి మారినాడని విని, ఏడాదికొక కార్డు రాసినాను. బ్లేడా, పెన్సిలా అని అడిగే ఒక్క ముక్క చుట్టూ కార్డు నిండా తిట్లే. ఏ ఒక్కదానికీ జవాబు రాలేదు.

ఎనభైల చివర్లో చెల్లెలికి పెండ్లి కుదిరింది. అద్దం ముందు నిలబడి, అమ్మ నా మాదిరే ఉండేదా అన్నా అని అడిగింది. ఆ రోజే స్టూడియో ఆయనకు ఇంకో కార్డు రాసినాను. నా చెల్లెలు తల్లిని ఎరగదప్పా, చూపించేది నీ చేతిలోనే ఉండాది అని మాత్రం రాసి ఊరుకున్నాను.

ఇప్పుడు మనవరాలి కంప్యూటరులో వేలమంది అసలు ముఖాలు భద్రంగా ఉన్నాయి. మంచిదే, సంతోషం. అయితే వాటిలో ఒక్కదానికోసమైనా పదిహేనేండ్లు కాచుకొని కూర్చునేవాళ్లు ఉన్నారా అని నాకు దిగులు.

ఆ చివరి కార్డు వేసిన పది రోజులకు నాకొక కవరు వచ్చింది. అందులో పల్చటి కాగితంలో చుట్టిన నెగెటివ్, దాంతోపాటు ఈ చీటీ:

“అప్పా, ఇన్నేండ్లకు ఈ ఒక్క కార్డు మనిషి మాదిరి రాసినావు. బ్లేడు పెట్టలేదు, పెన్సిలే. దూదిని టర్పెంటైన్‌లో అద్ది మెల్లగా తుడువు. అడుగున మీ అమ్మ మచ్చలతోనే ఉండాది.”