ఫోన్‌లో వినపడని మోటరు

హిందూపురంలో మాకు ఎలక్ట్రీషియన్ పని నేర్పిన సారు మొన్న ధర్మవరంలో, వాళ్ళింట్లోనే, గుండె ఆగి పోయారు. లాక్‌డౌన్‌లో ఆయన పాఠాల లింకులు వచ్చిన వాట్సాప్ గ్రూపులోనే ఆ కబురు వచ్చింది. అందరూ దండం బొమ్మలు పెట్టారు. నాకు మాత్రం వేలు కదల్లేదు.

కరోనాకి వర్క్‌షాపు మూతబడితే, సారు ఇంట్లోనే ఖాకీ కోటు తొడుక్కుని ఫోన్ ముందు కూర్చునేవారు. పాఠానికి ముందు ఒక్కొక్కరినీ "ఏమప్పా, ఉండావా?" అని పలకరించాల్సిందే. చేత్తో నేర్పాల్సిన పని నోటితో నేర్పాలంటే, పాపం, ఆయన పడిన తంటాలు అన్నీ ఇన్నీ కావు.

ఒకరోజు బేరింగు పోయిన మోటరు ఆన్ చేసి, ఫోన్ దాని దగ్గర పెట్టారు.

"మోటరు కాలేముందర ఏడుస్తాదప్పా. ఆ ఏడుపు వినల్ల. వినపడతాందా?"

మా ఫోన్లలో చడీచప్పుడూ లేదు. మనిషి గొంతు తప్ప మిగతా రొదంతా ఆ వీడియో క్లాసు యాప్ తీసేస్తుందని తర్వాతెప్పుడో తెలిసింది. మేమంతా "ఎస్ సార్" అని కొట్టాం. సారు ముఖం ఎంత వెలిగిపోయిందో!

పాసయ్యాక నేను పెనుకొండలో మోటర్ల రిపేరు షాపు పెట్టాను. పోయిన నెల, బాగుందని బిగించి పంపిన ఒక రైతు మోటరు మర్నాడే బేరింగు పట్టేసి కాలిపోయింది. దిక్కుతోచక సారుకి ఫోన్ చేశాను.

"బేరింగు సద్దు ఆ పొద్దు వినిపిస్తి కదప్పా?"

"ఏమీ వినపడలే సార్."

"మరి అందరూ ఎస్ అని పెట్టినారే?"

"మీరంత కష్టపడి చెప్తాంటే లేదని ఎట్లంటాం సార్?"

"నాదే తప్పప్పా" అని సారు ఫోన్ పెట్టేశారు. తిట్టినా బాగుండేది.

ఆ ఆదివారం పొద్దున్నే షాపు ముందు దిగారు. భుజాన సంచిలో, పాఠంలో చూపిన ఆ బేరింగు పోయిన మోటరు! మోటరు ఆన్ చేసి, స్క్రూడ్రైవర్ మొన బేరింగుకీ, పిడి నా చెవికీ ఆనించి, నా తల కదలకుండా పట్టుకున్నారు.

"ఈ పొద్దు నిజం చెప్పు."

"వినపడింది సార్. గరగరమంటాంది."

టీ తాగమంటే ఆగలేదు. "గోరంట్లోడు కూడా ఎస్ అనే పెట్టినాడు" అన్నారు, మాతో చదివిన గోరంట్ల కుర్రాణ్ణి తలుచుకుని.

సంచి ఇవ్వండి, నేనూ వస్తానని ఒక్క మాట నా నోట రాలేదు. షాపులో గిరాకీ ఉంది మరి. ఆయన గుండె ఆగడానికీ ఆ సంచి బరువుకీ సంబంధం లేదని ఎవరెన్ని చెప్పినా నా మనసు ఒప్పుకోదు. గోరంట్ల బస్సు ఆగగానే సారు ముందు సంచిని మెట్టు మీద పెట్టారు. రెండు చేతులతో లోపలికి నెట్టారు. కమ్మీ పట్టుకుని, కాసేపు ఊపిరి తీసుకుని, అప్పుడు ఎక్కారు.