మా సూది మాకే

ఆ రోజుల్లో మా దిక్కు జనానికి వైద్యమంటే సూది, అంతే. గోలీలిచ్చి పంపిన డాక్టరు మంచి మనిషి కావచ్చు గానీ డాక్టరు మాత్రం కాదు. అంగట్లో కూరగాయలు కొన్నాక కొత్తిమీర కొసరు అడిగినట్టు, దవాఖానకొచ్చినవాళ్లు పోయే ముందు భుజమో నడుమో చూపించి "ఒక సూది ఎయ్యరాదు" అని బతిమాలేవాళ్లు. జ్వరానికి సూది, నీరసానికి సూది, కోడలు మాట వినకపోతే వచ్చే తలనొప్పికి కూడా సూదే. పైగా అది మంట పెట్టాలి. మంట పెట్టని సూదీ నీళ్లూ ఒకటే. ఇలాంటి దేశంలో సూదికి భయపడే మనిషి పుట్టడం ఒక వింత. పుట్టి ఊరుకోక చదువుకుని నర్సు కావడం ఇంకా పెద్ద వింత. ఆ వింతను నేనే.

పొడవడానికి నాకు ఏ భయమూ లేదు. ఎదుటివాళ్ల చెయ్యి దొరికితే నా అంత ధైర్యవంతురాలు లేదు. పొడిపించుకోవడం దగ్గరే వచ్చింది చిక్కు. కాలేజీలో తోటి ఆడపిల్లలు ఒకరి చేతికి ఒకరు సూది గుచ్చుకుని పని నేర్చుకుంటుంటే, నేను మనిషి శరీరం మీద ఆ మనిషికే ఉండే హక్కు గురించి చిన్న ఉపన్యాసమిచ్చి బయటపడ్డాను. (మా మేడం చప్పట్లు కూడా కొట్టింది.) భయాన్ని సిద్ధాంతంగా మార్చే విద్య నాకు అప్పుడే పట్టుబడింది.

మొదటి ఉద్యోగం మహబూబాబాద్‌లో, అంటే మా నోట్లో మానుకోటలో, ఒక ప్రైవేటు దవాఖానలో. యజమానిని అందరూ పెద్దసార్ అనేవాళ్లు. చిన్నసార్ అనేవాడు ఎవడూ లేడు, అయినా ఆయన పెద్దసారే. మానుకోటలో పెద్ద దవాఖాన, భూపాలపల్లిలోనూ జనగామలోనూ చిన్న చిన్న బ్రాంచీలు. చేరిన ఏడాదికి పర్మినెంట్ చేస్తానన్నాడు. ఆ ఏడాది నెగ్గుకురావడం నాకు ప్రాణంతో సమానం, ఎందుకంటే నర్సింహులపేట దగ్గర మా ఊళ్లో మా అన్న ఎదురుచూస్తున్నాడు. నేను చదువుతానన్నప్పుడు బాపు ఒప్పుకున్నాడు గానీ అన్న మాత్రం అందరి ముందూ జోస్యం చెప్పాడు. "దీని నోటికి ఏ నౌకరి ఏడాది ఆగది. ఆఖర్కి మన మిరపతోటల కూలోళ్ల మీద మేస్త్రిగ పెట్టుకుందాం. గొంతన్న పనికొస్తది." మిరప ఘాటు నేను ఓర్చుకోగలను. మా అన్న గెలిస్తే మాత్రం ఓర్చుకోలేను.

అలా రోజులు లెక్కపెట్టుకుంటున్న సమయంలో పందిజ్వరం పేరు ఊరూరా వినిపించసాగింది. పెద్దసార్ హైదరాబాద్‌లో ఏదో మీటింగుకు పోయి, కొత్త నియమం ఒకటి పట్టుకొచ్చాడు. దవాఖానలో పనిచేసే ప్రతి మనిషీ ఫ్లూ సూది వేసుకోవాలి. పొద్దున్నే అందరినీ హాల్లో నిలబెట్టి ఆ మాట చెప్పాడో లేదో, నా అరికాళ్లు చల్లబడ్డాయి. అరికాళ్లు చల్లబడితే నాకు నోరు వేడెక్కుతుంది.

"సార్, గిది మంచికి చెప్తున్నరా, తప్పనిసరా?"

"తప్పనిసరి."

"అట్లయితే మీ అత్తమ్మ గూడ ఏసుకోవాలె గద."

సార్ వాళ్ల అత్తమ్మ రోజూ వచ్చి మందుల షాపులో కుర్చీ వేసుకుని కూర్చునేది. "ఆమె స్టాఫ్ గాదు," అన్నాడు సార్.

"మందులు ముడుతది, మనుషులను ముడుతది, మమ్ములను తిడుతది. స్టాఫ్ గాక మరేంది సార్?"

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అంతే, ఆ నవ్వుతో నేను నాయకురాలినైపోయాను. పేరు కూడా వచ్చేసింది, వకీలమ్మ. కాంపౌండరన్న తనకు జ్వరమొస్తే సెలవిస్తారా అని అడగమన్నాడు, అడిగాను. వార్డు ఊడ్చే ఆయవ్వకు ఇంకో అనుమానం. సూది పడ్డాక కోడికూర తినకూడదన్నది మా దిక్కు పథ్యం కదా, "ఐతారం కూర బంజేసుకోవాల్నా బిడ్డా" అంది. దాన్ని నేను 'పథ్యం సెలవు' అనే డిమాండుగా మార్చి సార్ ముందు పెట్టాను. ఏ పథ్యమూ లేదు, శుభ్రంగా తినండన్నాడు. తినమని కాగితం మీద రాసివ్వమన్నాను. ఇలా పూటకో తకరారు తీస్తుంటే అందరూ నన్ను చూసి మురిసిపోయారు. నేను వాళ్ల హక్కుల కోసం కొట్లాడుతున్నాననుకున్నారు పాపం. నేను కొట్లాడుతున్నది నా ఎడమ భుజం కోసం.

పెద్దసార్‌కు చివరికి విసుగొచ్చింది. "శనివారం పగటాల్ల దాక టైమిస్తున్న. ఏసుకోనోళ్లు సోమవారం దవాఖానకు రావద్దు. వకీలమ్మా, నిన్ను ఈ నెలాఖరుకు పర్మినెంట్ చేద్దామనుకున్న. ఇగ నీ ఇష్టం." ఆ క్షణంలో మా అన్న నవ్వు నాకు నర్సింహులపేట నుంచి స్పష్టంగా వినిపించింది.

శనివారం వచ్చింది. హాలు నిండా పేషెంట్లు. హెడ్ నర్సు, అంటే మా సిస్టరక్క, డ్రెస్సింగ్ గది గుమ్మంలో ఐసుపెట్టె పెట్టుకుని, పెళ్లికి ఎవరూ రాని పెళ్లిపెద్దలా కూర్చుంది. స్టాఫంతా నా మొహం చూస్తున్నారు. నేను ఎవరి మొహమూ చూడకుండా, ఎన్నడూ లేనంత శ్రద్ధగా బీపీలు చూస్తున్నాను. (ఒకాయనకు రెండుసార్లు చూశాను. ఆయన తోడుగా వచ్చిన మనిషికి కూడా చూశాను.)

అప్పుడు దిగింది అత్తమ్మ. నా మాటలు ఎవరు మోశారో, ఎన్ని కలిపి మోశారో తెలియదు. "ఎవతో నా పేరు తీసిందంట. నేనేమన్న భయపడేదాన్ననుకున్నదా" అంటూ హాలు మధ్యలోంచి నడిచొచ్చి, కుర్చీలో కూర్చుని, జాకెట్టు చెయ్యి పైకి లాగింది. సిస్టరక్క ఐసుపెట్టె తెరిచి సూది వేసింది. అత్తమ్మ నన్నొక చూపు చూసి, గెలిచిన పహిల్వానులా వెళ్లిపోయింది.

పేషెంట్లందరూ ఆ ఐసుపెట్టెను చూస్తున్నారు. తర్వాత గుసగుసలు లేచాయి. వాళ్ల లెక్క తప్పని నేను ఇప్పటికీ అనలేను. ఆ దవాఖాన అల్లుడిది. వేసుకున్నది సొంత అత్త. తీసింది ఐసుపెట్టెలోంచి. మరి అది మామూలు సూది ఎట్లయితది?

ముందుగా లేచింది కొత్తగూడ దిక్కు తండా నుంచి వచ్చిన ఒక అవ్వ. మోకాళ్ల నొప్పులకు సార్ ఆమెకు ఉత్త గోలీలు రాసిచ్చాడు. ఆ అవమానంతో అప్పటికే ఉడుకుతోంది. కట్టె పొడుచుకుంటూ వచ్చి గుమ్మం ముందు నిలబడి చెయ్యి చాపింది. సిస్టరక్క నా వైపు చూసింది. వాదించడమంటే వకీలమ్మ పనే కదా.

"అవ్వా, గిది మోకాళ్లకు గాదు. సర్దిజరం రాకుండ ఏసేది," అన్నాను.

"నీకున్నదా జరం?"

"లేదు."

"ఏ రోగం లేని నీకేమో సూది. రోగమున్న నాకేమో గోలీలు. గిదేం దవాఖాన?"

వెనక నుంచి "గంతే గద" అన్నారు చాలామంది. అప్పటికి అవ్వ వెనక ఒక వరుస తయారైంది.

"గిది దవాఖానల పనిచేసేటోళ్లకే అవ్వా. రూలు."

"మంచిదైతే మాకెందుకు లేదు? చెడ్డదైతే మీకెందుకు?"

నేను ఎన్నో వాదనలు చేశాను గానీ ఇంత పొట్టి వాదన ఎప్పుడూ చేయలేదు. ఉక్రోషం వచ్చింది. ఆ ఉక్రోషంలో నోటికొచ్చింది మాట్లాడటం మొదలుపెట్టాను. "జర సమజ్ చేసుకో అవ్వా. మేం పొద్దుందాక వచ్చినోళ్లనందరిని ముట్టుకుంటం. ఒకరి జరం మాకంటుకుంటే మేం ఇంకో పదిమందికి అంటిస్తం. చిన్నపిల్లలుంటరు, నీ అసొంటి పెద్దోళ్లుంటరు. మీకు ఏం గావద్దని మేం ఏసుకునుడు. మా కోసం గాదు, మీ కోసమే." సగంలో ఉండగా ఎక్కడో విన్న మాటల్లా అనిపించాయి. పెద్దసార్ వారం నుంచి చెబుతున్నవే అవి. ఒక్క ముక్క తేడా లేదు. ఇంకా విచిత్రం, నా నోటి నుంచి వింటుంటే నాకు సబబుగానే తోచాయి.

అవ్వ తల పంకించింది. "నా కోసమేనా?"

"నీ కోసమే."

"అట్లయితే నా ముంగట ఏసుకో. నేను సూస్త."

హాలంతా ముందుకు జరిగింది. కాంపౌండరన్న, ఆయవ్వ, ఎక్స్‌రే గది తమ్ముడు, అందరూ వచ్చి నిలబడ్డారు. పెట్టుకున్న పంచాయితీ నాది, చెప్పుకున్న తీర్పు కూడా నాదే. వెళ్లి కుర్చీలో కూర్చున్నాను. అవ్వ పక్కనే బెంచీ మీద కూర్చుని నా మొహంలోకి చూస్తోంది, వీళ్లు నిజంగానే పొడుస్తారా ఉత్తగ నటిస్తారా అన్నట్టు. దూది చల్లగా తగలడం నాకు తెలుసు. ఆ తర్వాత సంగతి వేరేవాళ్లు చెబితే తెలిసింది.

కళ్లు తెరిచేసరికి నా తల అవ్వ ఒళ్లో ఉంది. ఆయవ్వ మొహం మీద నీళ్లు చల్లుతోంది. పైన జనం మాట్లాడుకుంటున్నారు. "సిస్టరమ్మనే పడగొట్టిందంటే మందుల ఎంత పవరున్నదో సూడు." "మంట గాదు, ఏకంగ మనిషే పాయె." "నాకో సూది, అక్కా." "ముందుగాల నేనున్న." ఐసుపెట్టె మీదికి చేతులు వచ్చేశాయి. సిస్టరక్క దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు అదుముకుంది.

అంతలో కాంపౌండరన్న గొంతు ఉరిమినట్టు వినిపించింది. "ఎవ్వరు ముట్టొద్దు. గవి స్టాఫ్‌వి. మా సూది మాకే." వారం రోజులు నా వెనక దాక్కున్న ఆ మహానుభావుడు చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి నిలబడ్డాడు. ఆయన వెనక ఎక్స్‌రే తమ్ముడు, ఆ వెనక డ్రైవరన్న. ఆయవ్వైతే నా మొహం మీద నీళ్లు చల్లడం మధ్యలోనే వదిలేసి వరుసలోకి ఉరికింది. వద్దన్నన్నాళ్లు అది జులుం. ఇంకెవరో అడిగేసరికి అది మా హక్కు.

ఈ లొల్లికి పెద్దసార్ బయటికొచ్చాడు. నేను ఇంకా పడుకునే ఉన్నాను గానీ నోరు లేచింది. "సార్, ఇంతకు మీరేసుకున్నరా?" ఆయన అటూ ఇటూ చూశాడు. అవ్వ ఆయన వంక చూసింది. తర్వాత హాలంతా చూసింది. సార్ కుర్చీలో కూర్చుని, సూది పడుతున్నంతసేపూ ఫ్యాను రెక్కలను పరీక్షించాడు. (ఆ ఫ్యాను నాకు బాగా తెలుసు. అందులో చూడాల్సిందేమీ లేదు.) లేచాక, వయసు మళ్లినవాళ్లకు కూడా ఈ సూది మంచిదేనని, ఎక్కువ తెప్పించిన వాటిలోంచి ఒకటి అవ్వకు వేయించాడు. మోకాళ్లకు కాదని మళ్లీ మళ్లీ చెప్పాడు కూడా.

అవ్వ కాసేపు మంట కోసం ఎదురుచూసింది. రాలేదు. భుజం తడుముకుని, నా వైపు జాలిగా చూసింది. "గీ దానికా పడ్డవు బిడ్డా," అని కట్టె తీసుకుని వెళ్లిపోయింది.

సోమవారం సార్ పిలిచాడు. "మస్తు ఉపాయం చేసినవు వకీలమ్మా. ఒక్క పడుడుతోని అందరు ఏసుకున్నరు. భూపాలపల్లిల గూడ ఎవ్వరు ఏసుకుంటలేరంట. పోయి జర గట్లనే పడిరా."

"సార్, గది ఉపాయం గాదు. అయినా నేను ఏసుకున్న గద, మల్ల ఎట్ల ఏసుకుంట?"

"ఏసుకునుడు అవసరం లేదు. పడుడే."

పడటం నా డ్యూటీల లేదు సార్ అందామనుకున్నాను. పర్మినెంట్ గుర్తొచ్చి బస్సెక్కాను. భూపాలపల్లి బ్రాంచీలో స్టాఫందరినీ పిలిపించి, కుర్చీలో కూర్చుని, కళ్లు మూసుకుని, ఊపిరి బిగబట్టి ఎంత ప్రయత్నించినా ఒళ్లు వాలలేదు. ఒక సిస్టరు వంగి "నిద్రొస్తుందా అక్కా, చాయ్ తాగుతవా" అంది. ఇక లాభం లేదని కళ్లు తెరిచి నాకొచ్చిన పనే మొదలుపెట్టాను. వాళ్ల అభ్యంతరాలన్నీ నావే, కాకపోతే నాకంటే చెత్తగా చెబుతున్నారు. సార్ అత్తమ్మ ఏసుకున్నదా అన్నారు. అందరికన్నా ముందు ఏసుకున్నదని గర్వంగా చెప్పాను. నువ్వేసుకున్నవా అన్నారు. ఏసుకున్నానన్నాను. ఏమైంది అన్నారు. సిద్ధాంతాలు చాలా ఉన్నాయి నా దగ్గర, ఏదైనా చెప్పొచ్చు. "భయమైంది. పడిపోయిన. మల్ల లేచిన," అన్నాను. ఆ చాయ్ అడిగిన సిస్టరు నవ్వి, వచ్చి నా పక్కన కూర్చుని చెయ్యి చాపింది. పొద్దుగూకే లోపు అందరికీ వేశాను. నా వాదనకు జీతం దక్కిన మొదటి రోజు అది. నెలాఖరుకు పర్మినెంట్ అయ్యాను. ఆ సంగతి ఫోనులో చెబితే అన్న మిరపతోటకు వేరే మేస్త్రిని చూసుకుంటానన్నాడు. అంత మంచి మాట అన్న నోట నేను మళ్లీ వినలేదు.

ఇప్పుడు జనగామలో నర్సులకు పెద్దదాన్ని. ఏటా ఫ్లూ సూది నియమం చదివి వినిపించేది నేనే, అందరికన్నా ముందు సూదికి కుర్చీలో కూర్చునేదీ నేనే. పోయినేడు కొత్తగా చేరిన పిల్ల ఒకతి సూది పట్టుకుని నా మొహం చూసి అడిగింది. "మేడం, గిన్నేండ్ల సంది ఏసుకుంటున్నరు, ఇంకా భయమేంది?" గట్టి జవాబొకటి చెబుదామని నోరు తెరిచాను. నోరు తెరిచి ఉండగానే సూది వేయడం అయిపోయింది. ఆనాటి మానుకోట వకీలమ్మ పక్కన ఉండి ఉంటే నా తరఫున ఏదో ఒకటి వాదించేది.