ఏడిస్తే ఆగే సూది

2006 జూన్. జూబ్లీహిల్స్ నుంచి ఫిల్మ్ నగర్ వైపు దిగే రోడ్డు మీద ఉన్న ఒక పిల్లల క్లినిక్‌లో నర్సుగా చేస్తున్నాను. అప్పటికి ఈ పనిలో పద్దెనిమిదేళ్ళు. మందుల ఫ్రిజ్, ఒక బల్ల, రెండు స్టూళ్ళు పట్టే చిన్న వ్యాక్సిన్ గది నా రాజ్యం.

జూన్ వస్తే మాకు ఊపిరాడదు. బడులు తెరిచేలోపు అయిదేళ్ళ పిల్లలందరికీ బూస్టర్ వెయ్యాలి. పసితనంలో వేసిన టీకా బలం తగ్గిపోకుండా మళ్ళీ వేసే డోసు అది. కార్డు మీద ఆ గడి నిండితే తప్ప ఒకటో తరగతిలో చేర్చుకోబోమని కొన్ని స్కూళ్ళు పట్టుబట్టేవి. కాబట్టి పెద్ద కార్ల వాళ్ళూ, ఆటోల్లో వచ్చేవాళ్ళూ ఒకే వరసలో కూర్చునేవారు.

ఆ వరసలో రోజూ రెండు మాటలు వినిపించేవి. "అల్లరి చేశావంటే సిస్టర్‌తో ఇంకో సూది వేయిస్తా" అన్నది ఒకటి. "నొప్పే ఉండదు కన్నా, చీమ కుట్టినట్టుంటుంది" అన్నది రెండోది. మొదటిది బెదిరింపు, రెండోది అబద్ధం. మొదటి మాటకి నాకు ఒళ్ళు మండేది. పిల్లల ప్రాణం కాపాడే మందు పెట్టుకుని కూర్చున్నదాన్ని, నన్ను బూచిదాన్ని చేస్తారేమిటని. రెండో మాట మాత్రం నేనూ లెక్కలేనన్నిసార్లు అన్నదే.

సింధుని తీసుకుని వాళ్ళమ్మ సుజాత వచ్చింది ఆ రోజుల్లోనే. సుజాత భర్త షూటింగులకి లైట్లు మోసే వ్యాను నడుపుతాడు. ఫిల్మ్ నగర్ బస్తీలో ఉంటారు. పాపకి అయిదు నిండాయి. రెండు జడలు, కొత్త గౌను, అణకువ. గదిలోకి రాగానే చెప్పకుండానే స్టూలెక్కి కూర్చుంది. మిగతా పిల్లలు గుమ్మం పట్టుకుని వేలాడుతుంటే ఈ పిల్ల ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాను.

వయల్ తీసి, అంటే ఆ చిన్న గాజు సీసా, సిరంజిలోకి మందు లాగాను. సూది మీది మూత తియ్యగానే సింధు నా ముఖంలోకి చూసింది. సూదిని కాదు, నన్ను. కింది పెదవి సన్నగా వణికింది. రెండు కళ్ళూ నిండి, చెంపల మీదుగా నీళ్ళు ధారగా కారాయి. గొంతులోంచి చప్పుడు లేదు. చెయ్యి వెనక్కి లాక్కోలేదు. అలా ఏడ్చే అయిదేళ్ళ పిల్లని అంతకుముందు నేను చూడలేదు.

"అయ్యో, ఏం లేదు తల్లీ" అంటూ దూదితో జబ్బ తుడవబోయాను.

ఆ పాప మెల్లిగా అడిగింది. "చాలా ఆంటీ? ఇంక జర ఏడ్వాల్నా?"

నాకు అర్థం కాలేదు. వాళ్ళమ్మ వైపు చూశాను. సుజాత తల దించుకుంది.

అప్పటికే నా చెయ్యి పాప జబ్బ దాకా వెళ్ళింది. దూది చల్లగా తగలగానే ఆ పిల్ల ఒక్కసారిగా కేక పెట్టింది. "ఏడ్చిన గదా! ఏడ్చిన గదా!" అంటూ స్టూలు మీద నుంచి దూకి, ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య ఉన్న సందులో దూరింది.

సూదికి మూత పెట్టి బల్ల మీద పెట్టాను. "ఏమిటమ్మా ఇది?" అని సుజాతని అడిగాను. గొంతు తగ్గించి చెప్పింది.

సింధు ఒక టీవీ సీరియల్‌లో తల్లి నుంచి తప్పిపోయిన పిల్లగా వేస్తోంది. ఎపిసోడ్‌కోసారి ఏడవాలి. మొదటి రోజు ఏడుపు రాలేదు. కళ్ళల్లో గ్లిజరిన్ వేశారు. కళ్ళు ఎర్రబడి వాచిపోయాయి. క్లోజప్‌కి పనికిరాలేదు. అప్పుడు కో-డైరెక్టర్‌కి, అంటే సెట్‌లో పనులన్నీ నడిపించే మనిషికి, ఒక ఆలోచన వచ్చిందట. మెడికల్ షాపు నుంచి ఒక సిరంజి తెప్పించాడు.

"కెమెరా పక్కకు నిలవడి సూది సూపెడ్తడు మేడం. మంచిగ ఏడిస్తే సూదియ్యనంటడు. ఏడ్సినంక ఓకే అని లోపల పెడ్తడు. పొడ్వలేదు, ఒక్కసారి గూడ పొడ్వలేదు" అంది సుజాత, అదేదో వాళ్ళ మంచితనం అన్నట్టు.

"నువ్వక్కడే ఉన్నావా?"

"ఉన్న."

"ఉండి చూస్తూ ఊరుకున్నావా?"

"ఏం జెయ్యాలె మేడం? మా ఆయన పని జేసేది గూడ ఆ యూనిట్లనే. వద్దంటే ఇద్దర్నీ వద్దంటరు." ఆమె కళ్ళల్లోనూ నీళ్ళు తిరిగాయి.

అప్పుడు తెలిసింది నాకు ఆ పిల్ల లెక్క. బాగా ఏడిస్తే సూది ఆగిపోతుంది. అదీ వాళ్ళు ఆమెకు నేర్పిన న్యాయం. నా ముందు కూడా తన వంతు తాను చేసింది. ఎంత బాగా ఏడవాలో అంత బాగా ఏడ్చింది. అయినా నేను ఆగలేదు. ఆమె దృష్టిలో మాట తప్పింది నేను.

ఇప్పుడేం చెయ్యను? ఇద్దరు పట్టుకుంటే క్షణంలో పని అయిపోతుంది. అలా పట్టుకుని నేను సూది వేసిన పిల్లలు తక్కువేం లేరు. కానీ వేస్తే, ఏడ్చినా కాపాడేవాళ్ళు లేరని ఈ పిల్లకి నేను నేర్పినట్టు. వెయ్యకపోతే, ఏడుపు చూసి సూది దాచే ఆ కో-డైరెక్టర్‌కీ నాకూ తేడా లేదు. ఎటు చూసినా వాడు నాకంటే ముందే వచ్చి నా పని పాడుచేసి పోయాడు. ఇంత కోపంలో సూది పట్టుకోకూడదు.

"ఇవాళ వద్దు" అన్నాను. సింధు సందులోంచి తల బయటపెట్టింది. "ఓకేనా?" అంది. షాట్ ఓకేనా అని.

సిరంజిలోకి లాగిన మందు మళ్ళీ సీసాలోకి పొయ్యం. పారెయ్యాల్సిందే. ఆ సంగతి తెలిసి మా డాక్టరు గారు విసుక్కున్నారు. "ఏడ్చే పిల్లలకి వెయ్యం అంటే ఈ క్లినిక్ మూసుకోవాలి సిస్టర్" అన్నారు. సుజాతని మాత్రం రెండు రోజులు ఆగి మధ్యాహ్నం, వరస లేనప్పుడు తీసుకురమ్మన్నాను. బడి తెరవడానికి ఇంకా పది రోజులున్నాయి.

రెండోసారి వచ్చినప్పుడు ముందే చెప్పాను. "సింధూ, ఇవాళ సూది లేదు. ఉన్న రోజు ముందే చెప్తాను." నమ్మలేదు. నా రెండు చేతులూ తిప్పి తిప్పి చూసింది. సూది లేని సిరంజి ఒకటి ఇచ్చి, నీళ్ళు నింపి కిటికీ అవతల కుండీలోకి చిమ్మమన్నాను. కాసేపటికి కుండీ మానేసి నా మీద చిమ్మింది. ఆ రోజే మొదటిసారి ఆ పిల్ల నవ్వు చూశాను. ముందు పన్ను ఊడి ఉంది.

"నిజంగ నొస్తదా ఆంటీ?" అని అడిగింది, నీళ్ళు నింపుతూనే.

పద్దెనిమిదేళ్ళుగా నోటికి అలవాటైన చీమ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "నొప్పెడుతుంది. అయిదు లెక్కపెట్టేంతసేపు. తర్వాత చెయ్యి కొంచెం లాగుతుంది. రేపటికి పోతుంది."

"ఏడిస్తే ఆపుతవా?"

"ఆపను. ఏడవకపోయినా వేస్తాను, ఏడ్చినా వేస్తాను. నువ్వేం తప్పు చేశావని కాదు. నీకు జబ్బు రాకుండా. ఏడవాలనిపిస్తే ఏడు, లేకపోతే లేదు. అది నీ ఇష్టం."

ఆ పిల్ల నీళ్ళు నింపడం మానేసి నన్ను చూసింది. తన ఏడుపు తన ఇష్టమని అంతకుముందు ఎవరూ చెప్పి ఉండరు.

నాలుగు రోజుల తర్వాత మూడోసారి వచ్చారు. ఆ రోజు సూది ఉందని ముందే కబురు చేశాను. తీరా చూస్తే గుమ్మం దగ్గర తల్లీ కూతుళ్ళ వెనకాల ఇంకో ఇద్దరు మగవాళ్ళున్నారు. ఒకరి భుజాన చిన్న కెమెరా, చేతిలో లైటు. ముందున్నాయన నవ్వుతూ నమస్కారం పెట్టాడు. కో-డైరెక్టర్.

"సిస్టర్ గారూ, పాపకి ఎలాగూ ఇంజెక్షన్ చేస్తారు కదండీ. మాకు ప్యాచ్ వర్క్‌లో ఒక్క క్లోజప్ మిగిలిపోయిందండీ. వారం నుంచి ఎందుకో సరిగ్గా ఏడవట్లేదు. మీరు గుచ్చేటప్పుడు ఇలా మూల నుంచి తీసుకుని వెళ్ళిపోతాం. మీరు ఫ్రేమ్‌లో కూడా ఉండరు."

ప్యాచ్ వర్క్ అంటే మిగిలిపోయిన ముక్కలు తీసి అతికించడం. ఆ ముక్క కోసం మా గదికి వచ్చాడు.

"బయటికి నడవండి" అన్నాను.

"అదేంటండీ? డాక్టరు గారితో మాట్లాడాం. మా ప్రొడ్యూసర్ గారి మనవలు కూడా ఇక్కడికే వస్తారు."

అడగడానికి నేనే డాక్టరు గారి గదిలోకి వెళ్ళాను. ఆయన నాతోపాటు లేచి వచ్చారు. గడియారం చూసుకున్నారు. "రెండు నిమిషాలే కదా సిస్టర్. తల్లికి అభ్యంతరం లేదంటున్నారు. కానివ్వండి."

"అయితే మీరే వెయ్యండి సార్. నేను వెయ్యను."

పద్దెనిమిదేళ్ళలో డాక్టరుకి ఎదురు చెప్పడం అదే మొదలు. చెప్పాక ఆపుకోలేకపోయాను. "బాగా ఏడిస్తే సూది వెయ్యనని చెప్పి ఈ పిల్లని నెలల తరబడి ఏడిపించారు సార్ వీళ్ళు. నేను వారం పట్టి ఆ భయం వదిలించాను. ఇప్పుడు నా చేత్తో పొడిపించి, ఆ నొప్పి ఊరంతటికీ చూపిస్తారట. ఇది ఆస్పత్రా, సెట్టా?"

కో-డైరెక్టర్ నవ్వు తగ్గింది. "పెద్ద మాటలు వద్దండీ. ఆర్టిస్ట్ అన్నాక కొంచెం కష్టపడాలి."

"ఆర్టిస్టా? పన్నూడిన పిల్ల! నటించడం రాకపోతే నేర్పండి. నేర్పడం రానిది మీకు. సిరంజి చూపించడం ఒక విద్యా?"

అప్పుడు స్టూలు మీద నుంచి సింధు మాట్లాడింది. మమ్మల్ని ఎవర్నీ చూడకుండా కెమెరా వైపే చూస్తూ, డాక్టరు గారిని అడిగింది. "సార్, కెమెరా ఉంటే నేను ఏడ్వాలె గదా? మరి ఆంటీ నా ఇష్టమన్నది."

డాక్టరు గారు ఆ పిల్ల వైపు చూశారు. తర్వాత తలుపు దగ్గరికి నడిచి వాళ్ళిద్దర్నీ బయటికి వెళ్ళమని చేత్తో చూపించారు. కో-డైరెక్టర్ సుజాత వైపు తిరిగి, "చెప్పమ్మా నువ్వు. రేపు షెడ్యూల్ ఉందా, వద్దా?" అన్నాడు.

సుజాత పైట కొంగు వేళ్ళకి చుట్టుకుంటూ నిలబడింది. "సూది సూపెట్టనంటేనే వస్తది సార్. లేకుంటే రాదు" అంది.

వాళ్ళ వెనక తలుపు మూసుకుంది.

సింధుకి సిరంజి చూపించాను. సూది ఎంత పొడుగో చూస్తానంటే చూడనిచ్చాను. వాళ్ళమ్మ ఒళ్ళో కూర్చుంది. ఎవరూ పట్టుకోలేదు. తనే చొక్కా చెయ్యి పైకి మడిచింది. "లెక్కపెట్టు" అన్నాను. ఒకటి, రెండు అంది. మూడు దగ్గర "అమ్మో" అని గట్టిగా అరిచింది. ముక్కు కారుతూ, నోరు వంకరపోయి, ముఖమంతా ఎర్రబడి, వీధి దాకా వినపడేలా ఏడ్చింది. అసలైన ఏడుపు. ఏ క్లోజప్‌కీ పనికిరాని ఏడుపు. వాళ్ళమ్మ కూడా ఏడుస్తోంది, కూతుర్ని గుండెకి హత్తుకుని.

దూది పెట్టి నొక్కాను. కాసేపటికి సింధు ఎక్కిళ్ళ మధ్య అడిగింది. "అయిపోయిందా? మల్ల తియ్యరా?"

"తియ్యరు తల్లీ. అయిపోయింది."

కార్డు మీద సంతకం చేసి ఇచ్చాను. పాప ఒకటో తరగతిలో చేరింది. ప్రొడ్యూసర్ గారి మనవలు ఆ తర్వాత మా క్లినిక్‌కి రాలేదు. డాక్టరు గారు ఆ విషయం నా దగ్గర ఎత్తలేదు. అందుకు ఇప్పటికీ కృతజ్ఞురాలిని. సుజాత భర్తని ఆ యూనిట్ నుంచి తీసేశారు. కొన్నాళ్ళు ఇబ్బంది పడి, శ్రీనగర్ కాలనీలో ఒక స్కూలు బస్సు నడిపే పని చూసుకున్నాడని సుజాతే వచ్చి చెప్పింది. సుజాతని ఆ రోజు అన్న మాటలకి నేను సిగ్గుపడ్డాను. పోగొట్టుకునేది ఆమెకుంది. నాకేం ఉంది?

సింధుని తీసేసినా, ఆ సీరియల్‌లో పాప పాత్ర మాత్రం ఆగలేదు. వారం తిరక్కుండా ఇంకో పిల్లని పెట్టారు. మా పక్కింట్లో ఒక సాయంత్రం అందరూ కూర్చుని చూస్తున్నారు. తెర నిండా ఆ కొత్త పిల్ల ముఖం. కింది పెదవి సన్నగా వణుకుతోంది. కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి, చప్పుడు లేదు. "ఎంత బాగా చేస్తోందో చూడండి" అంటూ పక్కింటావిడ కళ్ళు తుడుచుకుంది. నేనక్కడ కూర్చోలేక లేచి వచ్చేశాను. ఆ పిల్ల పేరేమిటో, ఎవరి పిల్లో నాకు తెలీదు. ఆ సీరియల్ ఆఫీసుకి ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తినాయన నా మాట సగం విని పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఒక పిల్లకి భయం పోగొట్టానని నేను పొంగిపోతుంటే, ఆ భయం ఇంకో పిల్లకి అప్పజెప్పేశారు.

ఆ కేసు తర్వాత నా గదిలో చీమ మాట ఆగిపోయింది. సూది పేరు చెప్పి బెదిరించే తల్లిదండ్రుల్ని, వాళ్ళు ఎంత పెద్ద కారులో వచ్చినా, అక్కడికక్కడే ఆపేస్తాను. కొందరికి కోపం వస్తుంది, రానీ. ఏడుస్తున్న పిల్లని ఓదార్చే ముందు ఒక ప్రశ్న అడగడం కూడా అప్పుడే అలవాటైంది. "సూది గురించి నీకెవరు ఏం చెప్పారు, నాన్నా?" అని. పిల్లలు దాచరు, ఉన్నదున్నట్టు చెప్పేస్తారు. చాలాసార్లు, వాళ్ళు చెప్పే పేర్లు, ఆ పిల్లల్ని ప్రాణంగా చూసుకుంటున్నామనుకునే వాళ్ళవే అవుతాయి. ఇన్నేళ్ళయినా ఆ జవాబులు వింటే నాకు ఒళ్ళు మండుతూనే ఉంది.