సమ్మతి లేదన్నది నేనే

"ఆత్మ సమ్మతి లేదమ్మా" అని నేను ఒక ఆదివారం ఉదయం, ఆరాధన ముగిశాక, మందిరం గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ అన్నాను. ఎదురుగా ఇద్దరు నిలబడి ఉన్నారు. ఒకరు మా సంఘంలో పాటలు ఎత్తుకునే అమ్మాయి, ఇంకొకరు వాళ్ళమ్మ. తల్లి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. కూతురు ఇంట్లో మిషను మీద జాకెట్లు కుడుతుంది. ఆ అమ్మాయికి పర్లాకిమిడి నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి అక్కడ ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తాడు. విశ్వాసి. అమ్మాయికి నచ్చాడు. మా సంఘంలో పెళ్ళి మాట వస్తే ముందు సంఘ పెద్దతో ప్రార్థన చేయించి, పరిశుద్ధాత్మ ద్వారా దేవుని చిత్తం ఏమిటో తెలుసుకుని గాని అడుగు వేయరు. ఆ పెద్దగా నేను మూడు రోజులు గడువడిగి, ఆ తర్వాత ఈ మాట చెప్పాను. తల్లి చేతులు జోడించింది. అమ్మాయి తల దించుకుని సరే మావయ్యా అంది.

ఆ మాట ఆత్మది కాదు. నాది.

మాది చీపురుపల్లి పక్క ఊరు. నేను కరెంటు లైన్‌మన్‌ని. రేకుల షెడ్డులో నడిచే మా సంఘంలో ఇరవై కుటుంబాలుంటాయి. పాస్టరుగారు విజయనగరం నుంచి నెలకు రెండు ఆదివారాలే వస్తారు. మిగతా రోజుల్లో బైబిలు వాక్యం చదవడం, ప్రార్థన చేయడం, ఒంట్లో బాగాలేని వాళ్ళని చూసి రావడం నా వంతు. పాతికేళ్ళ వయసులో, ఇంట్లో అందరూ వద్దంటున్నా, బాప్తిస్మం తీసుకున్నాను. ఆత్మ నడిపిస్తే నడుస్తాను, ఆపితే ఆగుతాను అని ఆ రోజు నీళ్ళలో నిలబడి అనుకున్నాను. అందులో అబద్ధం లేదు.

అబద్ధం మెల్లగా వచ్చింది. ఒకసారి ఒక ముసలాయన కొడుకు చెన్నైలో పనికి వెళ్ళి నెలల తరబడి ఫోను చేయలేదు. ఆయనతో కలిసి ప్రార్థించి, ఈ నెల లోపలే వస్తాడు తాతా అన్నాను. ఆ మాట నా నోటికి ఎలా వచ్చిందో ఈనాటికీ తెలియదు. కొడుకు వచ్చాడు. అప్పటినుంచి నా దగ్గరికి రావడం మొదలుపెట్టారు. పొలం అమ్మాలా, గేదెను కొనాలా, మనవడిని హాస్టల్లో వేయాలా అని అడిగేవారు. నేను కళ్ళు మూసుకుని, కాసేపు ఆగి, గొంతు తగ్గించి ఏదో ఒకటి చెప్పేవాడిని. ఎంతసేపు ఆగితే నమ్ముతారో కూడా నాకు తెలిసిపోయింది.

గడువడిగిన ఆ మూడు రోజులూ ఏం చేశానో చెప్పాలి. మోకాళ్ళ మీద కూర్చున్న మాట నిజం. కాని కళ్ళు మూసుకోగానే నాకు కనిపించింది దేవుడు కాదు, ఆ అమ్మాయి లేని మా షెడ్డు. ఆమె పాడటం మొదలుపెట్టక ముందు మా దగ్గర పాట అంటే నలుగురు నాలుగు దారుల్లో పోయే గోల. ఆమె వచ్చాక పక్క ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చి కూర్చోవడం మొదలైంది. ఈ పిల్ల వెళ్ళిపోతే సంఘం ఏమవుతుంది అన్న భయమే మూడు రోజులూ తిరిగింది. మూడో రోజుకి ఆ భయానికే ఆత్మ అని పేరు పెట్టాను.

మా పనిలో ఎల్‌సీ, అంటే లైన్ క్లియర్, అని ఒకటి ఉంది. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషనుకి ఫోను చేస్తాం. ఫలానా లైను ఆపేశాను, ఎక్కు అని అక్కడి ఆపరేటరు తన నోటితో చెప్పాలి. కట్టేసే ఉంటాడులే అనుకుని ఎక్కినవాళ్ళలో కొందరు దిగలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ మాట వినకుండా నేను ఒక్క స్తంభం ఎక్కలేదు. నా ప్రాణానికి అంత జాగ్రత్త పడ్డవాడిని, ఒక ఆడపిల్ల బతుకు విషయంలో ఏ మాటా వినకుండానే ఎక్కేశాను.

వారంలో ఆ సంబంధం వేరే చోట కుదిరిపోతుందని, అందరూ మరిచిపోతారని అనుకున్నాను. అలా జరగలేదు. ఈస్టరు దాకా ఆగుతాను, ఈలోగా మీ పెద్దాయన్ని ఇంకోసారి ప్రార్థించమనండి అని అబ్బాయి కబురు పెట్టాడు. ఈస్టరుకు ముందొచ్చే శ్రమల దినాలు మొదలయ్యాయి. ఆ నలభై రోజులూ మాలో పెళ్ళిళ్ళు చేయరు. రోజూ సాయంత్రం ఒక్కో ఇంట్లో ప్రార్థన కూటం పెడతాం. ప్రతి ఇంట్లోనూ ఆ అమ్మాయి తల్లి ఒక మూల కూర్చుని నా మొహమే చూసేది. కూటం అయ్యాక ఎవరో ఒకరు, ఆ పిల్ల సంగతి ఏటైంది, వెలుగేమైనా వచ్చిందా అనేవారు. ఇంకా దేవుని మాట కోసం కనిపెట్టుకుని ఉన్నానని చెప్పేవాడిని. అమ్మాయి పాడుతుంటే నేను చాప అంచు చూస్తూ కూర్చునేవాడిని. ఏ పాటకోసం ఆమెను ఆపానో ఆ పాట వినడం నాకు శిక్ష అయింది.

ఒక సాయంత్రం ఆమె నా వెనకే వీధిలోకి వచ్చింది. "మావయ్యా, నాలో ఏదో పాపం ఉన్నాదేమో. అందుకే ఒప్పుకోలేదేమో" అంది. జాకెట్లు కుట్టగా మిగిలిన గుడ్డముక్కలు అడక్కుండా దాచుకున్నానని, అదే అడ్డుగా ఉందేమోనని చెప్పింది. నేను అప్పుడైనా చెప్పాల్సింది. పరీక్షించుకోవడం మంచిదే అన్నాను. మర్నాటినుంచి ఆమె ఒంటిపూట తిని, సంచిలో ఆ ముక్కలు వేసుకుని ఇల్లిల్లూ తిరిగి ఇచ్చింది. జనం నవ్వారు. ఒకావిడ ఆ సంచిని చెత్తబుట్ట అనుకుందట.

ఆ వారంలో ఎరువు కోసం మా బావ దుకాణానికి వెళ్ళాను. బావ మా అక్క భర్త. చీపురుపల్లిలో వ్యాపారం. నా విశ్వాసం మీద ఆయనకి కోపం లేదు, కాని వేళాకోళానికి వదలడు. అక్క అప్పటికే ఈ సంగతి చెప్పినట్టుంది.

"ఏటిరా, ఆ పిల్ల పెళ్ళి నువ్వు ఆపీసేవంట?"

నేను కాదు, ఆత్మ అన్నాను.

"నాకొక అనుమానం ఉన్నాదిరా. మీ ఆత్మ నీకు ఇష్టం లేని మాట ఎప్పుడైనా సెప్పాడేటి?"

దుకాణంలో ఉన్న రైతులు నవ్వారు. సోదెమ్మకైనా బుట్ట నెత్తినెట్టుకుని వీధులు తిరిగే కష్టం ఉంది, వీడి దగ్గరికి జనమే నడిచొస్తారు అని బావ ఇంకో మాట వేశాడు. నేను మాత్రం మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. ఇన్నేళ్ళూ వెనక్కి వెతికాను. నేను కోరుకున్న చోటికి బదిలీ అయితే అది ఆత్మ నడిపింపు. నాకు గిట్టని మనిషి సంఘంలో బాధ్యత అడిగితే ఆత్మ నన్ను హెచ్చరించాడు. నాకు అడ్డుపడిన మాట ఒక్కటి కూడా దొరకలేదు.

రైతులు వెళ్ళాక బావతో అంతా చెప్పేశాను. మొదట చెప్పింది మా సంఘంలో ఎవరికీ కాదు, ఆయనకే. ఆయన నవ్వలేదు. "దీనికింత ఏడుపేటిరా? ఇప్పుడు మీ ఆత్మ ఒప్పుకున్నాడని సెప్పీ. పిల్లకి పెళ్ళైపోతాది, నీ పరువు నీకుంటాది" అన్నాడు.

ఆ దారి నాకు చాలా నచ్చింది. నిజం చెబితే ఇన్నాళ్ళు నేను చెప్పినవన్నీ కూలిపోతాయి. నా మాట విని పొలం అమ్మనివాడు ఉన్నాడు, అమ్మినవాడూ ఉన్నాడు. వాళ్ళకి దేవుడి మీదే నమ్మకం పోతుందని, ఆయన పేరు కాపాడటానికైనా ఊరుకోవాలని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి కాపాడుకోవాలనుకున్నది నా కుర్చీని.

శనివారం మధ్యాహ్నం ఆ రెండో అబద్ధం నోట్లో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. అమ్మాయి మిషను దగ్గర ఉంది. తల్లి బియ్యం ఏరుతోంది. ఈ రోజు ప్రార్థనలో నాకొక మాట అని మొదలుపెట్టాను. అమ్మాయి చక్రం ఆపి ఇటు తిరిగింది.

"నా తప్పేటో సెప్పాడా మావయ్యా?"

నేను తెచ్చింది పెళ్ళి కబురు. ఆ పిల్ల తన తప్పు కోసం ఎదురుచూస్తోంది. నేను తెచ్చిన అబద్ధం చెబితే పెళ్ళి జరుగుతుంది, కాని తన గుడ్డముక్కల పాపం వల్లే ఇన్నాళ్ళు ఆగిందని ఆమె జీవితాంతం నమ్ముతుంది.

"నీ తప్పేటీ లేదమ్మా. ఆత్మ నాకేటీ సెప్పలేదు. అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. నువ్వెల్లిపోతే పాటలెవరు పాడతారని భయపడి నేనే అలాగన్నాను."

ఆమె ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు.

"ముక్కలన్నీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేను. నువ్వు సూస్తా ఊరుకున్నావు" అంది.

అవునన్నాను. క్షమించమని అడగడానికి నోరు తెరిచాను గాని, అదీ ఆమె నెత్తిన ఒక పని పెట్టడమే అనిపించి మూసుకున్నాను. అప్పుడు తల్లి చేట పక్కన పెట్టి, "అయితే అన్నయ్యా, ఇప్పుడు సమ్మతి ఉన్నట్టేనా?" అని అడిగింది. నేను చెప్పింది ఆమెకు అర్థం కాక కాదు. నన్ను అడక్కుండా ముందుకెళ్ళడం ఆమెకు చేత కావడం లేదు. ఆ చేతకానితనం నేను నేర్పిందే.

"మావయ్యని అడక్కమ్మా. ఫోను ఇటియ్యి" అంది కూతురు.

ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. గోడ దగ్గర కళ్ళు మూసుకుని నిలబడింది. ఎంతసేపో నాకు తెలియదు, చూడటానికి నాకు హక్కు లేదనిపించి తల తిప్పుకున్నాను. తర్వాత ఆమె మాట్లాడటం వినిపించింది, మాటలు తెలియలేదు. లోపలికి వచ్చి తల్లితో, రేపు సాయంత్రం అబ్బాయి వాళ్ళు వస్తారంట అని చెప్పింది. నాతో మాత్రం, "పొద్దున్న సంఘంలో నువ్వే సెప్పాల. నేను సెప్పను" అంది.

చెప్పాను. పాట అయ్యాక, వాక్యం తెరవకుండానే లేచి, ఆ అమ్మాయి విషయంలో జరిగింది జరిగినట్టు చెప్పాను. అంతటితో అయిపోతుందనుకున్నాను. వెనక వరసలోంచి ఒకాయన లేచి, మరి నా పొలం సంగతో అన్నాడు. అదీ నా మాటే అన్నాను. ఒకావిడ మనవడిని హాస్టల్లో వేయవద్దన్నావు కదా అంది. అదీ నాదే. అలా ఒక్కొక్కరూ లేచారు. చెన్నై నుంచి కొడుకు వచ్చిన తాత అందరికంటే చివర, కర్ర పట్టుకుని లేచాడు.

"మరి నా కొడుకు మాట? అదీ నీదేనా?"

అవునన్నా కాదన్నా ఆయన కూర్చునేవాడు. నాకు తెలీదు తాతా అన్నాను. మిగతా వాళ్ళకి రాని కోపం ఆయనకి వచ్చింది. తెలీనోడివి అక్కడెందుకు నిలబడ్డావని అడిగాడు. నేను ముందునుంచి వచ్చి, ఆయన పక్కన చాప మీద కూర్చున్నాను. ముందు ఎవరూ లేరు. అమ్మాయి లేచి వెళ్ళి, నేను తెరవని వాక్యం తీసి చదవడం మొదలుపెట్టింది.